తొలి పెత్తనము

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్రాసి పంపవలసినదని పత్రికా సంపాదక వర్గము వారు కోరినప్పుడు మేము కొంత సంకోచించినాము. మేము పండితులము కాము. కవులము అంతకంటె కాము. ఈ కళాశాల తెలుగు విభాగములో బి.కాం. చదివి, ఒక జాతీయ బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆఫీసరుగా ఎదిగి, పదవీ విరమణ చేసిన సామాన్యులము. అయినను వారి ఉత్తరములోని ఒక వాక్యము మమ్ములను ఆలోచింపజేసినది. చదువు ముగించి ఉద్యోగములలో ప్రవేశింపనున్న విద్యార్థులకు పనికివచ్చు అనుభవమేదైనను చెప్పుడని అందులో ఉన్నది.

ఉద్యోగము ఎట్లు సంపాదించవలెనో చెప్పువారు నేడు చాలమంది ఉన్నారు. ఉద్యోగములో చేరిన అయిదారేండ్లకు ఒకనాటి ఉదయము పదిమంది మీద పెత్తనము చేతికి వచ్చినప్పుడు ఏమి చేయవలెనో చెప్పువారు మాత్రము అరుదు. మేము ఆ మెట్టు మీదనే కాలు జారినవారము. కావున దానిని గూర్చియే వ్రాయుచున్నాము.

ఆనాటి బ్యాంకు పని నేటి విద్యార్థులకు తెలియదు గనుక ముందుగా రెండు మాటలు చెప్పవలెను. 1969లో 14 బ్యాంకులను, 1980లో మరి 6 బ్యాంకులను ప్రభుత్వము జాతీయము చేసిన పిమ్మట చిన్న చిన్న ఊళ్ళలో కూడ శాఖలు వెలసినవి. కంప్యూటర్లు లేవు. ఒక్కొక్క ఖాతాకు లెడ్జరులో ఒక పుట. ఎవరైనను సొమ్ము కట్టినచో ఆ చీటీని చూచి గుమాస్తా లెడ్జరులో పద్దు వ్రాయును. సాయంకాలము ఆఫీసరు ఆ పద్దును చీటీతో సరిపోల్చి, ప్రక్కన తన పొడి సంతకము పెట్టును. నెలకొకసారి లెడ్జరులోని ఖాతాల నిల్వలన్నియు కూడి, ఆ మొత్తము పెద్దపద్దుతో సరిపోయినదో లేదో చూతురు. సరిపోకపోయినచో తేడా ఎక్కడ ఉన్నదో పుట పుటా వెదకవలెను. ఒక్కొక్కప్పుడు అర్ధరూపాయి తేడాకు నాలుగు సాయంకాలములు గడచిపోయెడివి.

ఆ వెదకుటలో మేము దిట్టలము. తేడా తొమ్మిదితో నిశ్శేషముగా భాగింపబడినచో ఎవరో అంకెలు తారుమారు చేసినారని అనుమానింపవలెను; 54కు బదులు 45 వ్రాసినచో తేడా 9 వచ్చును. తేడాలో సగము మొత్తము ఎక్కడైన కనబడినచో జమ కావలసినది ఖర్చులో పడినదేమో చూడవలెను. ఇట్టి కిటుకులు మాకు కరతలామలకములు. ఏడేండ్లు గుమాస్తాగిరీ చేసినంత కాలము, తేడా రాని లెడ్జరు మాదేనని పేరు. ప్రక్క శాఖల వారు సైతము కబురు పంపి పిలిపించుకొనెడివారు. ఆ పేరు వల్లనే 1984లో మాకు ఆఫీసరుగా పదోన్నతి వచ్చినది. జిల్లాలోని ఒక చిన్న పట్టణపు శాఖలో అకౌంటెంటుగా, అనగా మేనేజరు తరువాతి స్థానములో, నియమించినారు.

ఆ శాఖలో మేనేజరు గారు తరచుగా అప్పుల వసూలుకై పల్లెలు తిరుగుచుండెడివారు. లోపలి పనియంతయు అకౌంటెంటుదే. హెడ్ క్యాషియరు ఒకరు, లెడ్జరు గుమాస్తాలు ముగ్గురు, పాత కాగితముల గది చూచుకొను దఫ్తరీ ఒకరు, జవానులు ఇద్దరు. హెడ్ క్యాషియరు గారు మాకంటె ఇరువది యేండ్లు పెద్దవారు. ఊరిలో అందరును వారిని భాయ్ సాబ్ అనియే పిలిచెడివారు. మేమును అట్లే పిలిచినాము.

మొదటి దినమున అందరిని నిలువబెట్టి మేము చేసిన ప్రసంగము నేటికిని తలచుకొన్న సిగ్గగును. "నేను వచ్చాను. ఇక ఈ బ్రాంచిలో తేడాలుండవు" అన్నాము. ఎవరును మారు పలుకలేదు. దఫ్తరీ తల వంచుకొని తన గదికి పోయినాడు. దానిని మేము వినయమని అనుకొన్నాము.

మా మాటను మేము నిలబెట్టుకొన్నాము. ఎట్లన, ఏ లెడ్జరులో తేడా వచ్చినను మేమే కూర్చుండి తీసెడివారము. మధ్యాహ్నము రెండు గంటలకు ఖాతాదారులకు తలుపులు మూయుదురు. అయిదు గంటలకు గుమాస్తాలు ఇండ్లకు పోవుదురు. మేము మాత్రము దీపము క్రింద రాత్రి తొమ్మిది వరకు వారి లెడ్జర్లు ముందు వేసుకొని కూడికలు వేయుచుండెడివారము. ఇంటికి పోవుచు, ఇంత కష్టపడు ఆఫీసరు ఈ జిల్లాలో మరియొకడు లేడని మమ్ము మేమే మెచ్చుకొనెడివారము. గుమాస్తాలకు పని నేర్పుటకు గంట పట్టును. మేమే చేసినచో పది నిమిషములు. అటువంటప్పుడు నేర్పనేల? ఇది ఆనాటి మా లెక్క. లెక్కలలో దిట్టలమైన మేము ఈ ఒక్క లెక్కను తప్పుగా వేసినాము.

ముగ్గురు గుమాస్తాలలో ఒక యువకుడు అప్పుడే కొత్తగా చేరినాడు. ఆ యింటిలో నెలజీతము తెచ్చిన మొదటివాడు అతడే. ఆ రోజులలో గుమాస్తాకు ఆరు నెలలు ప్రొబేషను. ఆ గడువు తీరువరకు ఉద్యోగము ఖాయము కాదు. పై కార్యాలయమునకు పోవు నివేదిక మా చేతిలో ఉండెను. అతని దస్తూరి ముత్యములవలె ఉండెడిది గాని, తొందరపాటు మనిషి. అతని తప్పులను మేము పిలిచి చూపలేదు. మేమే దిద్దివేసెడివారము. తాను తప్పులు చేయుచున్నట్లే పాపము అతనికి తెలియదు.

1985 ఫిబ్రవరిలో ఒకనాడు గాజుల బేరము చేసుకొను ఒక ముసలి తల్లి కూతురి పెండ్లి ఖర్చునకై 2,500 రూపాయలు తీయవచ్చినది. ఆ యువకుడు లెడ్జరు చూచి "నిల్వ చాలదమ్మా, 1,800 మాత్రమే ఉన్నాయి" అన్నాడు. ఆమె నిలువునా నీరైపోయినది. "మూడు వారాల క్రితమే కట్టాను బేటా, నా చేత్తో లెక్కపెట్టి కట్టాను" అని మరల మరల చెప్పినది. పాసుబుక్కు తెరచి చూచితిమి. అందులోను 1,200 కట్టినట్లే ఉన్నది. పాసుబుక్కు వ్రాయునది లెడ్జరు చూచియే గదా! ఆమెకు చదువు రాదు. మేము మా కుర్చీ నుండి లేచి వచ్చి, నలుగురు వినునట్లు, బ్యాంకు లెక్క తప్పు కాదని ఆమెకు చెప్పినాము.

అప్పుడామె చీర కొంగున ముడివేసి తెచ్చుకొన్న ఒక చిన్న కాగితము తీసి ఇచ్చినది. అది ఆమె సొమ్ము కట్టిననాటి కౌంటరు ఫాయిలు. దానిపై బ్యాంకు ముద్ర, భాయ్ సాబ్ సంతకము, 2,100 రూపాయలు. భాయ్ సాబ్ మాట్లాడక తన వసూళ్ళ పుస్తకము తెరచి ఆనాటి పుట చూపినారు. అందులోను 2,100. అసలు చీటీ తెప్పించినాము. అందులోను అంతే. లెడ్జరులో మాత్రము అంకెలు తారుమారై 1,200గా పడినవి. తేడా 900. తొమ్మిదితో భాగించిన శేషము లేదు.

వెంటనే పద్దు సరిచేసి ఆమె సొమ్ము ఆమెకు ఇప్పించినాము. అంతటితో ఊరకున్న బాగుండెడిది. కాని మా పేరునకు మచ్చ వచ్చినదన్న కోపములో ఆ యువకుని ఖాతాదారులందరి ఎదుట నోటికి వచ్చినట్లు దూషించినాము. "నీవంటివాళ్ళ వల్లనే బ్యాంకుకు చెడ్డపేరు. నీ సంగతి రాసి పంపుతాను" అన్నాము. అతని ముఖము పాలిపోయినది. విచిత్రమేమనగా, అతని పక్షమున మాట్లాడినది ఆ ముసలి తల్లి ఒక్కతెయే. "ఛోడ్ దో బేటా, బచ్చా హై" అని ఆమె మమ్ములను బ్రతిమాలినది. నష్టపోబోయినది ఆమె. క్షమించినది కూడ ఆమెయే.

ఆ సాయంకాలమే మేము నివేదిక వ్రాసినాము. ఇతని పని సంతృప్తికరముగా లేదనియు, ప్రొబేషను పొడిగించుట యుక్తమనియు ఒక పుట నిండ వ్రాసి సంతకము చేసి సొరుగులో పెట్టినాము.

బ్యాంకులో నగదు పెట్టెకు రెండు తాళములుండును. ఒక తాళపుచెవి హెడ్ క్యాషియరు వద్ద, రెండవది ఆఫీసరు వద్ద. ఇద్దరును కలిసి వేసిననే పెట్టె మూతబడును. ఇద్దరును కలిసి తీసిననే తెరచుకొనును. ఆ రాత్రి పెట్టె మూయుటకు మేమిద్దరము లోపలి గదికి పోయినాము. ఎన్నడును పని విషయము తప్ప మాట్లాడని భాయ్ సాబ్, చేతిలోని తాళపుచెవి చూపుచు మమ్ము అడిగినారు.

"ఆఫీసర్ సాబ్, ఈ పెట్టెకు రెండు తాళాలెందుకు?"

"ఒక్కడి చేతిలో ఉంటే దొంగతనం జరుగుతుందని" అన్నాము.

"అది ఒక మాట. ఇంకొకటి ఉంది. ఏదన్నా తక్కువైతే ఒక్కడే దొంగ కాకూడదని" అన్నారు వారు. తరువాత బల్లపైనున్న ఆ లెడ్జరును దీపము దగ్గరకు జరిపి, ఆ పుట తెరచి, పద్దు ప్రక్కన వ్రేలు పెట్టినారు. "రాసింది అబ్బాయి. ఈ సంతకం ఎవరిది బేటా?"

సంతకము మాది. చీటీతో సరిచూచితినని చెప్పు సంతకము. ఆ తేదీ చూచినంతనే మాకు సర్వమును జ్ఞప్తికి వచ్చినది. ఆనాడు మేము మరియొక గుమాస్తా లెడ్జరులోని తేడా వెదకుచు కూర్చుండినాము. ఆ లెడ్జరు తాలూకు మనిషి అయిదింటికే ఇంటికి పోయినాడు. రాత్రి ఎనిమిదిన్నరకు, కన్నులు మూతలు పడుచుండగా, ఆ దినపు పద్దులన్నింటిపై చీటీలు చూడకయే వరుసగా సంతకములు గీకివేసినాము. గుమాస్తా చేయవలసిన పని మేము చేసినాము. మేము చేయవలసిన పనిని ఎవరును చేయలేదు. ఆ శాఖలో ఆ పనికి మేము తప్ప మరియొకరు లేరు.

మిత్రులారా, మేము చెప్పదలచినదంతయు ఈ ఒక్క సంతకములో ఉన్నది. కొత్తగా అధికారము చేతికి వచ్చినవాడు సోమరితనము వల్ల చెడుట తక్కువ. పాత పనిని వదలలేక చెడుటయే ఎక్కువ. ఏ పనిలో నేర్పు చూపి అతడు పైమెట్టు ఎక్కినాడో, ఆ పని ఇక అతనిది కాదు. అది తన క్రిందివారిది. వారి చేత దానిని చక్కగా చేయించుట, వారి పనిని సరిచూచుట, వారు తప్పినచో జవాబు చెప్పుట అతని కొత్త పని. ఈ పని కంటికి కనబడదు. సాయంకాలమునకు ఇంత చేసితినని లెక్క చూపుటకు వీలుండదు. అందుచేతనే మనస్సు మాటిమాటికి పాత పనివైపు పరుగెత్తును. అక్కడ మెప్పు ఉన్నది, అలవాటు ఉన్నది.

ఇది మా ఒక్కరి మందబుద్ధియేమో యని చాలకాలము అనుకొన్నాము. తరువాత తెలిసినదేమనగా, దేశదేశముల వారు దీనిని పరిశీలించి గ్రంథములు వ్రాసినారు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యురాలు లిండా హిల్ కొత్తగా మేనేజర్లయిన 19 మందిని తొలి యేడాది పొడవునను గమనించి 1992లో ఒక గ్రంథము ప్రచురించినారు. పదవి వచ్చినది గనుక ఇక తమ మాట చెల్లునని వారనుకొన్నారు. తీరా చూడగా, తాము క్రిందివారిపై ఆధారపడి ఉన్నామని తెలిసినది. తాము స్వయముగా చేసి మెప్పు పొందువారమన్న భావనను వదలుకొనుట వారికి అన్నిటికంటె కష్టమైనది. ఆ పుస్తకములోని సంగతులు తెలిసిననాడు మాకు ఆ చిన్న పట్టణపు శాఖ, దీపము, మా పొడి సంతకము కనుల ముందు నిలచినవి.

మరునాటి కథ చెప్పవలెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు ఒప్పుకొన్నచో ఇక ఎవరు మాట వినుదురను భయము ఒకవైపు, ఒప్పుకొననిచో ఒక యింటి అన్నము ఏమగునను భయము మరియొకవైపు. ఉదయము తలుపులు తెరువకముందే అందరిని హాలులోనికి పిలిచినాము. "నిన్న ఇతన్ని అందరి ముందూ తిట్టాను. ఆ పద్దు పక్కన సంతకం నాది. చీటీ చూడకుండా పెట్టాను. తప్పు నాది. అందుకే అందరి ముందే చెబుతున్నాను" అన్నాము. "మన తప్పు" అని అనుటకు నాలుక ఉబలాటపడినది. "మన" అన్నచో బరువు పదిమందికి పంచబడి తేలిక యగును గదా! కాని ఆ క్షణమున ఆ మాట న్యాయము కాదని తోచినది. పిమ్మట సొరుగులోని నివేదిక తీసి అతని ఎదుటనే చింపివేసినాము. అతడు తల ఎత్తలేదు. ఎవరును చప్పట్లు కొట్టలేదు. పది గంటలైనది, జవాను తలుపులు తెరచినాడు, పని మొదలైనది.

ఆనాటి నుండి అన్నియు చక్కబడినవని చెప్పినచో అది కట్టుకథ యగును. మెల్లమెల్లగా మార్చుకొన్నాము. మొట్టమొదట చేయవలసిన పనిని ఎనిమిది నెలలు ఆలస్యముగా చేసినాము: ఒక్కొక్కరితో విడిగా కూర్చుండి, పనిలో వారికి అడ్డమేమని అడిగినాము. సమాధానములు విని ఆశ్చర్యపోయినాము. ఒక గుమాస్తా బల్లపై వెలుతురు చాలక అంకెలు తప్పు చదువుచున్నాడు. కుర్చీ కిటికీ వైపు జరిపినాము. తప్పులు సగమునకు సగము తగ్గినవి. దఫ్తరీ చదువుకొన్నది తక్కువయే గాని, పాత చీటీల కట్టలలో ఏది ఎక్కడ ఉన్నదో కన్నులు మూసుకొని చెప్పగలడు. అంతవరకు మేము అతనిని టీ తెమ్మనుటకు తప్ప పిలువలేదు. ఈ సంగతులు ఏ సర్క్యులరులోను వ్రాసి యుండవు. అడిగిన తెలియును, అడుగకున్న ఎన్నటికిని తెలియవు.

రెండవది, తేడా ఎవరి లెడ్జరులో వచ్చినచో వారినే వెదకనిచ్చినాము. ఇది మాకు ప్రాణాంతకమైనది. ఆ యువకుడు ప్రక్కన కూర్చుండి తప్పుదారిలో కూడికలు వేయుచుండగా, తేడా ఎక్కడ ఉన్నదో మాకు దాదాపు తెలిసి యుండగా, చేయి చాపకుండ ఉండుట ఎంత కష్టమో అనుభవించిన వారికే తెలియును. "తొమ్మిదితో భాగించి చూశావా తమ్ముడూ?" అని మాత్రము అడిగి ఊరకుండెడివారము. మొదటి తేడాకు అతనికి మూడు సాయంకాలములు పట్టినది. మేమైనచో గంటలో తీసెడివారము. కాని నాలుగవ నెలలో అతడు తనంతట తానే తీసి, లెడ్జరు మూసి, "దొరికింది సార్" అని నవ్వినాడు. ఆ నవ్వు చూచిననాడు, ఏడేండ్లు మేము తీసిన తేడాలన్నియు కలిపినను ఇంతటి సంతోషమీయలేదని తోచినది.

మూడవది, తప్పును ఏకాంతమున చెప్పుట, మంచిని నలుగురిలో చెప్పుట. ఇది పెద్దలు ఎప్పుడో చెప్పినదే. మేము తలక్రిందులుగా ఆచరించినాము గనుక దాని విలువ మాకు అనుభవపూర్వకముగా తెలిసినది.

నాల్గవది, పాలు పంచినట్లు పంచుట. రంజాను మాసములో ఉపవాసమున్నవారు సూర్యాస్తమయమునకు ముందే ఇల్లు చేరవలెను. ఆ నెలలో సాయంకాలపు పని మిగిలినవారు చూచెడివారు. సంక్రాంతికి, క్రిస్మసుకు సెలవుపై పోవువారి బల్లలు భాయ్ సాబ్, తదితరులు చూచెడివారు. ఈ ఏర్పాటును మేము ఆజ్ఞగా వేయలేదు. ఒక కాగితముపై తేదీలు వ్రాసి బల్లపై ఉంచి, మీలో మీరే నింపుకొనుడని అన్నాము. ఒక్క గడియయైన ఖాళీగా మిగులలేదు. మా కళాశాలలో ఉర్దూ, తెలుగు విభాగముల వారు ఒకే వరండాలో పెరిగిన అలవాటు అక్కడ మాకు అక్కరకు వచ్చినది.

అన్నిట లాభమే కలుగునని మాత్రము అనుకొనవలదు. ముగ్గురు గుమాస్తాలలో ఒకడు మాతో ఒకే దినమున బ్యాంకులో చేరినవాడు. ఒకప్పుడు ఒకే గదిలో అద్దెకుండి క్యారమ్ బోర్డు ఆడుకొన్నవారము. అతడు ప్రతిదినము అరగంట ఆలస్యముగా వచ్చెడివాడు. స్నేహితుడు గదా యని మేము ఊరకున్నాము. మిగిలినవారు చూచుచునే ఉన్నారు. చివరకు ఒకనాడు బస్టాండు వరకు అతనితో నడచుచు, "బయట మనం మనమే. హాజరు పట్టీ మాత్రం అందరిదీ ఒకటే" అని చెప్పినాము. మరునాటి నుండి వేళకు వచ్చినాడు. కాని రెండు నెలలు మాతో మాట్లాడలేదు. తరువాత మాట కలిసినను ఆ పాత చనువు తిరిగి రాలేదు. పెత్తనమునకు చెల్లించిన మూల్యములలో అది యొకటి. మొదటి దినముననే చెప్పి యున్నచో ఆ స్నేహము నిలచెడిదేమో యని నేటికిని అనిపించును.

అధికారమును గూర్చి మన సమీపముననే గొప్ప ఉదాహరణములున్నవి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు విఫలమై సముద్రములో పడినది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. విలేఖరుల ఎదుటకు పోయి వైఫల్యమునకు బాధ్యత వహించినది మాత్రము సంస్థ అధ్యక్షులు సతీశ్ ధావన్ గారు. 1980 జూలై 18న అదే రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆనాడు ధావన్ గారు తాము వెనుక నిలచి, విలేఖరులతో మాట్లాడుమని కలాం గారిని ముందుకు పంపినారు. నాయకత్వమనగా తాము నేర్చిన పాఠమిదియే అని కలాం గారు జీవితాంతము అనేక సభలలో చెప్పినారు.

క్రీడాభిమానులకు మరియొకటి చెప్పెదము. 1962లో వెస్టిండీస్ పర్యటనలో కెప్టెన్ నారీ కాంట్రాక్టరు తలకు బంతి తగిలి గాయపడగా, 21 ఏండ్ల మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ భారత జట్టు నాయకత్వమును స్వీకరించినారు. తరువాతి కాలములో, భారత జట్టుకు కెప్టెనుగా ఉన్న ఆ పటౌడీయే రంజీ పోటీలలో హైదరాబాదు జట్టున ఎం.ఎల్. జైసింహ నాయకత్వము క్రింద ఆడినారు. ఒకచోట నడిపించువాడు మరియొకచోట నడువగలుగుట చిన్న గుణము కాదు. భాయ్ సాబ్ మాటను ఆ రాత్రి విన్నందున మాకు నష్టమేమియు కలుగలేదు. వినకపోయినచో ఒకరి బ్రతుకు చెడెడిది.

ఈ పత్రిక ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను వెలువడుచున్నది గనుక ఒక చిన్న మాట. ఉర్దూలో "హమ్" అన్నచో, వినువానిని కలుపుకొన్నను, విడిచినను అదే మాట. తెలుగులో అట్లు కాదు. "మేము" అన్నచో వినువాడు బయట నిలచును. "మనము" అన్నచో లోనికి వచ్చును. వ్యాసమునకు ఆచారము గనుక మేము ఈ వ్రాతలో "మేము" అని వాడుచున్నాము. కాని పనిచేయు చోట ఏది ఎప్పుడు పలుకవలెనో తెలిసికొనుట అవసరము. పని ఫలించినప్పుడు "మనము". తప్పు జరిగినప్పుడు "నేను". మేము మొదటి ఎనిమిది నెలలు ఇందుకు సరిగా విరుద్ధముగా పలికినాము.

విద్యార్థులు ఇది ఉద్యోగములకు సంబంధించిన సంగతి యని ప్రక్కన పెట్టవలదు. తరగతి ప్రతినిధి, వసతి గృహపు భోజనశాల కార్యదర్శి, ఎన్.ఎస్.ఎస్. శిబిరములో ఒక బృందమునకు పెద్ద, వాలీబాల్ జట్టు కెప్టెను: ఇవన్నియు తొలి పెత్తనములే. శిబిరములో గునపము తానే పట్టి మిగిలినవారిని నిలువబెట్టి చూచుచున్న బృంద నాయకుని మీరును చూచి యుందురు. అతడు మంచివాడే. కాని శిబిరము ముగియు నాటికి గుంటలు త్రవ్వుట అతడు తప్ప ఎవరును నేర్వరు.

కళాశాల కమిటీ పెద్దలకును ఒక విన్నపము. మార్కులలో మొదటివాడని, మాటకారియని ఒక విద్యార్థిని ఒక్కసారిగా కార్యదర్శిని చేయుట మన అలవాటు. చక్కగా చదువుటకు, పదిమంది చేత పని చేయించుటకు కావలసిన నేర్పులు వేరువేరు. ప్రతి పదవికి క్రింది తరగతి నుండి ఒక సహాయకుని కూడ నియమించి, ఏడాది పాటు ప్రక్కన నిలచి చూచునట్లు చేసినచో, మరుసటి ఏడు అతడు బాధ్యత స్వీకరించునాటికి సగము తప్పులు తప్పిపోవును. దీనికి ఖర్చు లేదు. మాకు అటువంటి ఏర్పాటు ఉండి యున్నచో ఆ ముసలి తల్లి ఆనాడు అందరి ఎదుట కన్నీరు పెట్టెడిది కాదు.

ఆ యువకుని సంగతి చెప్పి ముగింతుము. అతని ఉద్యోగము వేళకే ఖాయమైనది. చాల యేండ్ల తరువాత అతడును ఆఫీసరై, మరియొక జిల్లాకు పోవుచు మాకొక ఉత్తరము వ్రాసినాడు. "మొదటి రోజు స్టాఫుతో ఏం చెప్పమంటారు సార్?" అని అడిగినాడు. "ఏమీ చెప్పకు తమ్ముడూ. ఒక్కొక్కరినీ అడుగు. సంతకం పెట్టే ముందు చీటీ చూడు" అని ఒక కార్డు ముక్క వ్రాసి పంపినాము.

నేడు లెడ్జర్లు పోయినవి. కూడికలను, తేడాలను యంత్రములు చూచుకొనుచున్నవి. భాయ్ సాబ్ మన మధ్య లేరు. కాని ప్రతి కార్యాలయములోను, ప్రతి బృందములోను పెట్టెకు ఇప్పటికిని రెండు తాళములే. ఈ ఏడు ఈ కళాశాల విడిచి పోవుచున్న మీలో ఒక్కొక్కరి చేతికి ఒకనాడు రెండవ తాళపుచెవి వచ్చును. అది మీ గొప్పతనమునకు గుర్తుగా ఇచ్చినది కాదనియు, మొదటి తాళపుచెవి పట్టినవాడు ఒంటరి కాకూడదని ఇచ్చినదనియు ఆనాడు జ్ఞాపకము చేసికొందురు గాక. మీ అందరికి శుభమగు గాక.